కట్టేసిన కడ్డీ

వదినకు,

నీ ఆడపడుచు ఎడమచేత్తో రాస్తున్న ఉత్తరం ఇది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వుకో, ఫరవాలేదు, కానీ చివరిదాకా చదువు. ఫోను చేద్దామంటే అది ఎప్పుడూ అన్నయ్య జేబులోనే ఉంటుంది. నా గొంతు వినగానే పెట్టేస్తున్నాడు. ఇస్త్రీ ఆయన మీ గదుల వైపు వస్తున్నానంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

చెయ్యి మణికట్టు దాకా తీసేశారని నీకు తెలుసు. పుండు మానింది. లేని వేళ్ళు దురద పెడుతున్నాయి, గోకుదామంటే అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి మా ఆయనకి చెబితే భయపడ్డాడు. అందుకే ఇక చెప్పడం మానేశాను.

మొన్న లాయరమ్మ వచ్చింది. మా ఆయన తీసుకొచ్చాడు. మంచం మీద కూర్చోమంటే వద్దని బియ్యం బస్తా మీదే కూర్చుంది. దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగింది. రబ్బరు మిల్లులో అన్నాను. "మరి ఆసుపత్రిలో ఇంట్లో మెట్టు మీంచి పడ్డట్టు రాశారేం?" అంది. నేనే అలా చెప్పానన్నాను. "ఎవరు చెప్పమన్నారు?" అంది. ఎవరూ చెప్పలేదన్నాను. ఆవిడ నమ్మలేదు. మా ఆయనైతే అసలు నమ్మలేదు. మీ అన్నే నేర్పాడు, కాదనకు అని ఇల్లు పీకి పందిరేశాడు.

ఎవరో నేర్పాలా వదినా? పోలీసులొస్తే మిల్లుకి తాళం పడుతుంది, తాళం పడితే అందరి పొయ్యిలూ ఆరిపోతాయి. అందుకే వేలు తెగినా, కాలు కాలినా మనమంతా మెట్టు మీంచే పడతాం. ఆ రోజు ఆటోలో నా చెయ్యి గోనెపట్టాలో చుట్టి ఉంది. స్పృహ ఉందో లేదో నాకే తెలియదు. డాక్టరు అడగ్గానే నోటికి ఆ మాటే వచ్చింది. కట్టు కట్టే ఆయన "ఏం మెట్టమ్మా అది, ఇలా నమిలింది?" అన్నాడు. మా ఇంటికి గానీ మీ గదులకి గానీ ఒక్క మెట్టయినా ఉందా? అన్నీ నేలకి సమానమేగా. అది ఆయనకి తెలియదు కాబట్టి సరిపోయింది.

నేను లాయరమ్మని కొన్ని అడిగాను. రబ్బరు రోలర్లకి అడ్డంగా ఒక కడ్డీ ఉంటుందనీ, దాన్ని నొక్కితే రోలర్లు ఆగిపోతాయనీ, అది మాటిమాటికీ పొట్టకి తగిలి ఆగిపోతోందని పాత ట్యూబు ముక్కతో పైకి కట్టేశారనీ చెప్పాను. కట్టమని అడిగింది కూడా మేమేనన్నాను. ఆగినప్పుడల్లా రబ్బరు చల్లారి, రోలర్లలోంచి అట్టలా వచ్చే పలక పాడవుతుంది, పాడైన అట్టకి కూలి లేదు మరి. "పొట్ట తగ్గించవే, మిల్లు ఆపేస్తోంది" అని నువ్వు నన్ను ఏడిపించేదానివి కదా, అదీ చెప్పాను. అయితే ఇందులో నా తప్పూ ఉంది కదా, పరిహారం ఎలా వస్తుందన్నాను. కొంత అజాగ్రత్త ఉన్నంత మాత్రాన హక్కు పోదంది. ఆసుపత్రి ఖర్చు యజమాని పెట్టుకున్నాడు, దాంతో చెల్లైపోయినట్టేనా అంటే, కాదంది. పనిలో ఉండగా దెబ్బ తగిలిందా లేదా, అసలు ప్రశ్న అదొక్కటేనంది. మెట్టు అని రాసి ఉంది కనక, కాదని చెప్పడానికి చూసినవాళ్ళు కావాలంది. గడువు దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరు, తొందరగా తేల్చుకోమంది.

చూసినవాళ్ళు ఎవరూ లేరని ఆవిడకి చెప్పాను.

ఆ మాట మీదే ఉండేదాన్ని. కానీ తర్వాత అన్నయ్య వచ్చాడు. లోపలికి రాలేదు. గడపలో నిలబడి, మా ఆయన ముందు, "జరిగిందేదో జరిగింది. దాని అజాగ్రత్త. మిల్లుని అల్లరిపెట్టకండి" అని వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు. వేరే ఎవరన్నా ఆ మాట అంటే తుడిచేసుకునేదాన్ని. ట్యూబు ముక్క ముడి వేసిన మనిషి అన్నాడు.

అందుకని దావా వేస్తున్నాను. నువ్వు అట్టలు కోసే బల్ల దగ్గర నిలబడి ఉన్నావు. నేను అరిస్తే పరిగెత్తుకొచ్చి, కట్టేసిన కడ్డీ పట్టుకు కిందికి లాగావు. అది రాలేదు. మెయిను స్విచ్చి ఆపడానికి పరిగెత్తావు. ఇదంతా వచ్చి చెప్పమని అడుగుతున్నాను. అన్నయ్య మీద చెప్పమనడం లేదు. చెయ్యి ఎక్కడ పోయిందో అదొక్కటి చెప్పు చాలు.

నీ ఆడపడుచు

*

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. ఇదీ అలాగే చెయ్యి.

నేను రాను. ముందే చెబుతున్నాను, ఆశ పెట్టుకోకు. యజమాని తరఫు లాయరు నిన్న మిల్లుకి వచ్చి ఒక్కొక్కళ్ళనీ పిలిచి అడిగాడు. నేను మంచినీళ్ళకి వెళ్ళాను, చూడలేదు అని చెప్పేశాను. చెప్పినదాన్ని ఇప్పుడు కాదంటే నన్ను ఏమంటారు? మెట్టని నువ్వే చెప్పావు కదా, నన్నెందుకు అబద్ధాలకోరుని చేస్తావు?

అదొక్కటి చెప్పు చాలు అని ఎంత తేలిగ్గా రాశావే. మిల్లులో పోయిందంటే ఎలా పోయింది అంటారు. కడ్డీ ఉండగా రోలర్లు ఎందుకు ఆగలేదంటారు. ఎవరు కట్టారంటారు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. మేస్త్రీ ఎవరు? మీ అన్నయ్యే కదా. మిల్లు గుమాస్తా ఆ మాట నా మొహం మీదే అన్నాడు, "దావా నిలబడితే ముందు పోయేది మీ ఆయనే" అని. ఉద్యోగంతోపాటు మిల్లు వాళ్ళిచ్చిన గది కూడా పోతుంది. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను? నీ చెయ్యి పోయిందని నా కొంప కూడా పోవాలా?

కోపంగా రాస్తున్నానని నాకూ తెలుసు. ఆ రోజు నీ రక్తం నా జాకెట్టుకి పట్టింది. ఎంత ఉతికినా మరక పోలేదు, ఇల్లు తుడిచే గుడ్డ చేశాను. మీ అన్నయ్య రోలర్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. దూరం నుంచే కేకలేస్తాడు. ఇంటికొస్తే నాతో మాట లేదు, పిల్లలతో మాట లేదు. నీ పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు. నిన్ను అజాగ్రత్త అన్నాడని రాశావు. ఇక్కడ ఇంకోలా అంటాడనుకున్నావా? ఇక్కడా అంతే. అలా అనకపోతే ఆ మనిషి బతకలేడని నా అనుమానం.

విచారణకి యజమాని తరఫున ఆయన్నే తీసుకెళ్తున్నారు. ఆ రోజు నువ్వు ఒక్కపూటే పనిచేసి ఇంటికి వెళ్ళిపోయావని చెప్పిస్తారట. అక్కడ హఠాత్తుగా విని నీ గుండె పగలకూడదని ముందే రాస్తున్నాను. ఇంతకంటే నేను చెయ్యగలిగింది లేదు.

వదిన

*

వదినకు,

విచారణలో ఏం జరిగిందో అన్నయ్య నీకు చెప్పి ఉండడు. ఎవరెవరో ఏవేవో చెప్పి ఉంటారు. ఉన్నది ఉన్నట్టు నేను రాస్తాను.

లేబరు ఆఫీసులో మమ్మల్ని పొడుగు బల్లకి ఇటొకళ్ళనీ అటొకళ్ళనీ కూర్చోబెట్టారు. అన్నయ్య తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నేను ఆ రోజు ఒక్కపూటే చేసి ఇంటికి వెళ్ళిపోయానని, తర్వాత ఏమైందో తనకి తెలియదని, నేర్పిన మాట నేర్పినట్టు చెప్పాడు. యజమాని లాయరు తల ఊపాడు. మా ఆయన పళ్ళు కొరుకుతున్నాడు. నువ్వు ముందే రాశావు కనక నేను బల్ల చెక్క చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు లాయరమ్మ లేచింది. నా ఊసే ఎత్తలేదు. అన్నయ్యని మిల్లు గురించి అడిగింది. కడ్డీలు కట్టేస్తారట కదా అంది. ఏదో అప్పుడప్పుడు అన్నాడు. "మీ యజమాని కట్టించాడు. మీరు మేస్త్రీ అయి ఉండీ నోరెత్తలేదు. ఆయన ఏం చెబితే అది చేసే మనిషి మీరు, అంతేనా?" అంది. అన్నయ్య మొహం నీకు తెలుసు కదా, అలా ఎర్రబడింది. "ఆయనకేం తెలుసు మిల్లు గురించి? రోలరు దగ్గరికి ఒక్కరోజు వచ్చిన మనిషి కాదు. నా మిల్లులో నాకు తెలియకుండా ముడి పడదు. నేనే కట్టాను. కట్టాను కాబట్టే కదా దీని చెయ్యి పోయింది" అన్నాడు.

యజమాని లాయరు లేచి, సాక్షి కంగారులో ఉన్నాడు, ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. ఆఫీసరు కలం ఆపి, "ఏమన్నారు? నిదానంగా ఆలోచించుకుని మళ్ళీ చెప్పండి" అన్నాడు.

అన్నయ్య యజమాని లాయరు వైపు చూశాడు. తర్వాత నా పొడుగుచేతుల జాకెట్టు ఖాళీ కొస వైపు చూశాడు, నేను చివర పిన్ను పెట్టుకుంటున్నాను, అక్కడ. మళ్ళీ అదే చెప్పాడు. ఒక్క ముక్క మార్చలేదు. ఆఫీసరు రాసుకున్నాడు.

నోరు జారాడని గుమాస్తా అందరితో అంటున్నాడట. మా ఆయనా అదే అంటున్నాడు, పొగరుకి పోయి దొరికిపోయాడని. పొగరే అయి ఉండొచ్చు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, పని రాదంటే ఊరుకునే మనిషి కాదు. కానీ రెండోసారి చెప్పింది జారిన మాట కాదు వదినా. అంతవరకు నాకు తెలుసు. అంతకుమించి తెలియదు, అడగను కూడా.

బయట వరండాలో ఎదురుపడ్డాం. "ఎడమచేత్తో తినడం వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. "బస్సుకి వేళైంది" అని వెళ్ళిపోయాడు.

ఉత్తర్వు నిన్న వచ్చింది. పరిహారం ఇవ్వాలని తేల్చారు. పైకి అప్పీలుకి వెళ్తారేమో, వెళ్తే ఇంకొన్నాళ్ళు పడుతుందని లాయరమ్మ అంది. చదివి వినిపిస్తే మా ఆయన ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. చెయ్యికి ధర కట్టడానికి ఒక పట్టిక ఉంటుందట, కుడిది, మణికట్టు దాకా అని అందులో చూసి వేశారు. ఆ వరస నా ఒక్కదానికోసం రాసింది కాదు కదా, నాలాంటివాళ్ళు ఎంతమందో ఉంటారనిపించింది.

అన్నయ్యని పనిలోంచి తీసేశారని, గది ఖాళీ చెయ్యమన్నారని ఇస్త్రీ ఆయన చెప్పాడు. సామాను బయట పెట్టారట. నువ్వు ముందే రాశావు, అలాగే అయింది. నన్ను క్షమించమని రాయను, దావా వేసినందుకు నాకు బాధ లేదు. మంచినీళ్ళకి వెళ్ళానన్నందుకు నిన్ను క్షమించానని కూడా రాయను, ఇంకా క్షమించలేదు. అది ఎప్పుడవుతుందో తెలియదు.

మీ కోసం ముందు గదిలో బస్తాలు తీయించాం. మా ఆయన ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఆయనే సున్నం కొట్టాడు. అన్నయ్య రానంటే నువ్వు పిల్లల్ని తీసుకుని ముందు వచ్చెయ్. ఆయన తర్వాత తనే వస్తాడు, లేకపోతే లేదు.

ఇక్కడ పని చాలా ఉంది. వంట చేసుకుంటున్నాను, చీపురు పడుతున్నాను. దుప్పట్లు పిండడమే రావడం లేదు. అలాగే నీళ్ళు కారుతుండగానే తీగ మీద వేస్తున్నాను, మూడు రోజులకి గానీ ఆరడం లేదు. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి.

నీ ఆడపడుచు