బెల్టు గురించి నేను చెప్పిన అబద్ధం

చెల్లి శేషుకి,

ఫోన్లో అయితే ఏడుపొచ్చి చెప్పలేనని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ మేఘనకి వెన్ను వంకర తిరిగింది, గుడివాడ డాక్టరు బెల్టు వెయ్యమన్నాడు అన్నావు. "మీ జాహ్నవికి బెల్టు పనిచెయ్యలేదుగా అక్కా, మేం మాలిష్ చేయిస్తాం" అన్నావు. అప్పటినుంచీ నాకు అన్నం దిగటంలేదు.

బెల్టు పనిచెయ్యలేదని అందరికీ నేను చెప్పింది అబద్ధమే శేషూ. ఎదిగే వయసు, స్నానానికి తప్ప తియ్యొద్దన్నారు. ఓణీల ఫంక్షన్‌కి జాకెట్టు కింద ఎత్తుగా కనబడుతుందని నేనే విప్పాను. మర్నాడు "వెయ్యవా అమ్మా?" అని అదే అడిగింది. చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని వద్దన్నాను. నాతోపాటు వంగి కూర్చుని రోల్డ్‌గోల్డ్ గొలుసులు అల్లబట్టే వంకర వచ్చిందనుకుని, ఆ పని మానిపిస్తే అదే పోతుందనుకున్నాను. పని వల్ల కాదని డాక్టరు చెప్పినా వినలేదు.

రెండేళ్ళకి వంకర బాగా పెరిగి, ఇక ఆపరేషనే అన్నారు. భయమేసి, ఇవాళ రేపు అన్నాను. ఈలోగా జొరం పట్టుకుంది. వంకర అప్పటికే ఊపిరితిత్తుల్ని నొక్కేసిందట, ఊపిరాడక నా చేతుల్లోనే పోయింది.

మాలిష్ వద్దు. మేఘన ఏడ్చినా డాక్టరు చెప్పేదాకా బెల్టు తియ్యకు. ఎవరన్నా తియ్యమంటే, మా అక్క తీసిందని చెప్పు.

నీ అక్క