ఆఖరి పేపరు మీద టిక్కులు

ఏవండీ, రాత్రి చెప్పిందే ఈ చీటీలో మళ్లీ రాస్తున్నాను, మీరు చేసింది సాయం కాదు. మెషీన్‌లో బట్టలున్నాయి, ఆరేయండి. అత్తయ్య కంట్లో చుక్కలు మరచిపోకండి.

కిందటిసారి బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్షలో లెక్కల్లో గట్టెక్కాను, వెర్బల్‌లోనే, ఆ ఇంగ్లిషు ప్రశ్నల్లోనే, మార్కులు పోయాయి. అందుకే ఈసారి ఆఖరుగా మిగిలిన ఆ ఒక్క వెర్బల్ నమూనా పేపరూ ముట్టకుండా దాచుకున్నాను. మీరేమో నాకు శ్రమ తగ్గిద్దామని ప్రతి ప్రశ్నకూ జవాబు మీద పెన్నుతో టిక్కు పెట్టేశారు! అందులో సగం తప్పులు, గోరుచుట్టు మీద రోకటిపోటు. నేను తప్పు చేస్తేనే కదా ఎక్కడ తడబడుతున్నానో తెలిసేది? అడిగితే "నీ మంచికేగా" అంటారా?

మీ టిఫిన్ డబ్బా సర్దాను. కోపం వేరు, ఆకలి వేరు.

అన్నట్టు, ఇది అత్తయ్యకూ పాపకూ కూడా చదివి వినిపించండి: పరీక్ష అయ్యేదాకా ఆఫీసు నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్తాను. సాయంత్రం వంట మీది.