రంగు వేయని చిలుక

సుగుణా, ఆసుపత్రికి పోయే రోజు "తిరిగొచ్చి రంగులేస్త" అని నువ్వు అటక మీద పెట్టిన చెక్క చిలుకను నేను కోసేశాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పాలిటెక్నిక్‌లో నా విద్యార్థులు వస్తువులను పట్టి లేపే మరచెయ్యి ఒకటి చేశారు. దాని ఇనుప వేళ్ల బరువుకే చిన్న మోటారు మూలిగేది. వేళ్లకు బెజ్జాలు కొట్టి చూశాం, అల్యూమినియంతో చేసి చూశాం. "సార్, వేళ్లనే లేపుతలేదు, గుడ్డునేం లేపుతది?" అన్నాడు రమేశ్.

తెల్లవారితే ప్రదర్శన. మీ నిర్మల్ బొమ్మలు చేసే తేలికైన పొణికి చెక్క గుర్తొచ్చింది. ఒక్కరోజు ఆగితే మీ అన్న బస్సులో పంపేవాడు. నేను ఆగలేదు. రంగు వేయలేదు కదా, ఇంకా ఉత్త చెక్కే కదా అని నీ చిలుకను దించి, కోసి వేళ్లు చేశాను.

ఇవాళ ఆ వేళ్లు కోడిగుడ్డును చిట్లకుండా లేపాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాతో వచ్చిన మన బిడ్డ స్వప్న మాత్రం దగ్గరికి వెళ్లి, ఒక వేలి మీది పెన్సిల్ గీతను తడిమి చూసింది.

"బాపూ, గిది అవ్వ గీసిన కన్ను గదా?"

ఏడుస్తుందనుకున్నాను. తను సగం తిన్న జామకాయను ఆ వేళ్ల మధ్య పెట్టి, "తిను చిలుకా" అంది.

మీట నొక్కాను. వేళ్లు కాయను మెత్తగా పట్టుకున్నాయి. స్వప్న కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"తింటలేదేంది బాపూ?"