రక్తంలో మందు లేదు

2025 ఫిబ్రవరి 19, ఉదయం 10:40
హరిత రక్తంలో మందు ఆనవాలు లేదు. సోమవారం కుప్పం ఆసుపత్రిలో మూడో డోసు ఎక్కించారు. ఆసుపత్రి ఈ మందు మీద చేస్తున్న స్టడీ కోసం మర్నాడు తీసిన శాంపిల్ రిపోర్టు ఇది.

పాపకు ఏడేళ్లు. పాంపే వ్యాధి. కణంలో లైసోజోమ్ అనే చిన్న సంచి ఉంటుంది. అక్కడ గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెరను కరిగించే ఎంజైమ్ ఈ పిల్లకు చాలడం లేదు. గ్లైకోజెన్ పేరుకుపోయి కండరాలు బలం కోల్పోతున్నాయి. నేల మీద కూర్చుంటే ఎవరైనా లేపాలి. ఆ ఎంజైమ్‌నే రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తున్నారు.

సాయంత్రం 5, పుంగనూరు
తండ్రి గురుమూర్తి డెయిరీలో వ్యాన్ డ్రైవర్. ఇంగ యాల పోవాలప్పా, ఈపొద్దు ఎక్కిస్తే రేపటికి లేదంట, పాప చేతికి సూదిపోట్లు తప్ప ఏముండాది అన్నాడు. మార్చి 3 డోసుకు తీసుకెళ్లనన్నాడు.
మందు నిలవడం లేదని మా పత్రికకు వార్త కాపీ పంపాను.

ఫిబ్రవరి 20
కుప్పంలో పాపకు మందు ఎక్కిస్తున్న డాక్టర్ శాలినికి ఫోన్ చేశాను. నిన్ననే చేయాల్సింది.

రక్తం దారి మాత్రమేనట. ఎంజైమ్ మీద మ్యానోస్-6-ఫాస్ఫేట్ అనే గుర్తు ఉంటుంది. కణం పొర మీది రిసెప్టర్ అనే ప్రోటీన్ ఆ గుర్తును పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. కణం లోపల ఆమ్లం ఎక్కువున్న చోట ఆ ఎంజైమ్ సరుకును వదిలేసి వెనక్కి వస్తుంది. సరుకు లైసోజోమ్ చేరుతుంది. శరీరం సొంతంగా చేసుకునే ఎంజైమ్‌లను వేరుచేసి లైసోజోమ్‌కు పంపేదీ ఆ గుర్తు చూసేనట. కాబట్టి రక్తంలో లేకపోవడం తాము ముందే అనుకున్నదే అంది. అయితే ఎక్కువ వంతు కాలేయం లాక్కుంటుంది. కండరానికి ఎంత చేరిందో పాప నడకే చెప్పాలి.

పత్రిక డెస్కుకు చెప్పి కాపీ ఆపించాను.

ఫిబ్రవరి 22, ఉదయం 7, మదనపల్లె
టమోటా మండీ. తల్లి రెడ్డెమ్మ ఇక్కడ కాయలు ఏరుతుంది. ఆమెను దింపడానికి గురుమూర్తి వచ్చాడు. శాలిని చెప్పినదంతా ఇద్దరికీ చెప్పాను.

రెడ్డెమ్మ చేతులు ఆపలేదు. మార్కు లేని క్రేటు యార్డులోనే కుళ్లుతాది, మార్కుండేదాన్ని హమాలీ లారీకెక్కించి ఒట్టి చేతుల్తో మల్లా వస్తాడు, మధ్యాన్నానికి యార్డు ఖాళీ అయితే ఏడుస్తామా, టీ తాగుతాం అంది. పాలవ్యాను తోలేటోడికి టమోటా సంగతి యాడ తెలుస్తాదమ్మా అంది పక్కావిడతో. ఆడవాళ్లంతా నవ్వారు.

గురుమూర్తి నవ్వలేదు. లారీ యాడికి పోయిందో ఎవురు సూసినారు అన్నాడు.

సరైన ప్రశ్న. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పది డోసులు సూద్దాం, ఆమైన నీ ఇష్టం అంది రెడ్డెమ్మ.

మార్చి 3
నాలుగో డోసు. గురుమూర్తే సెలవు పెట్టి తీసుకెళ్లాడు.

ఏప్రిల్ 14
ఏడో డోసు. కంటికి కనిపించే మార్పు లేదు.

మే 26, మధ్యాహ్నం 12:15, కుప్పం
పదో డోసుకు ముందు ఆరు నిమిషాల నడక పరీక్ష. జనవరిలో 142 మీటర్లు. ఇవాళ 236.

గురుమూర్తి నడిచిన దూరం మళ్లీ కొలవమన్నాడు. శాలిని వరండాలో టేపు మళ్లీ పరిచింది. 236.

ఈలోగా హరిత చెప్పు బిగించుకోవడానికి నేల మీద కూర్చుంది. లేచింది. ఎవరూ చేయి ఇవ్వలేదు.

ఇంగోసారి కూసోని లెయ్యమ్మా అన్నాడు గురుమూర్తి. లేచింది. ఇంగోసారన్నాడు. నాలుగుసార్లు లేచింది. ఐదోసారి, నాయినా, ఇంగ నువ్వు కూసోని లెయ్యి అంది. కూర్చున్నాడు. వెంటనే లేవలేకపోయాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

కాపీ పంపాను.

జూన్ 11
రేపు ఉదయం 9కి బడి తెరుస్తారు. హరిత చేరే మూడో తరగతి మేడ మీద. పదహారు మెట్లు. ఈసారి తనే ఎక్కాలి, ఎవరూ ఎత్తుకోరు.