ఎద్దుల గుండం దగ్గర పీకేసిన బోర్డు

బురైదా, సౌదీ అరేబియా
సెప్టెంబరు 18, గురువారం

జిల్లా పర్యాటక అధికారి గారి సముఖమునకు, కృష్ణ ఒడ్డున కొండ్రేవుల గ్రామ కాపురస్థుడు, ప్రస్తుతం బురైదాలో ఖర్జూర తోట నీళ్ల ట్యాంకరు డ్రైవరు అయిన దూదేకుల ఇస్సాక్ వ్రాసుకొను అర్జీ.

విషయం: ఎద్దుల గుండంలో యాదగిరి మరణం గురించి తమ కార్యాలయం రాసిన అబద్ధాన్ని దిద్దుట, మా అన్న మహబూబ్ బాషాపై పెట్టించిన కేసును వెనక్కి తీసుకొనుట గురించి.

అయ్యా,

1. తమ కార్యాలయం నిరుడు ‘మన జిల్లా: పుణ్యక్షేత్రాలు, ప్రకృతి అందాలు’ అని ఒక పుస్తకం వేసినది. పద్నాలుగో పేజీ మా ఊరిది. జలలింగేశ్వర స్వామి గుడి, నావల వలీ దర్గా ఒకే ఒడ్డున పక్కపక్కనే ఉన్నాయని అందులో రాశారు. రెంటికీ మధ్య కృష్ణ ఉంది. రాసినవారు ఒక్కసారి మా ఊరికి వచ్చి ఉంటే అంత పెద్ద నది కళ్లకు ఆనేది. అది పోనివ్వండి, దానివల్ల ఎవరూ చావలేదు. గుడి కింది ఎద్దుల గుండం గురించి మాత్రం "లోతు లేని స్వచ్ఛమైన నీరు, కుటుంబ సమేతంగా జలకాలాటలకు అనువైన చోటు" అని రాశారు. ఫోటో ఏప్రిల్‌లో తీసినది. ఏప్రిల్‌లో అక్కడ మోకాలి లోతు నీళ్లు. శ్రావణంలో పైన డ్యాము గేట్లు ఎత్తితే అదే చోట జత ఎద్దులు బండితో సహా మునిగిపోతాయి. మా తాతల కాలంలో మునిగాయి కనుకనే ఆ పేరు.

2. మా అన్న మహబూబ్ బాషా ఇరవై రెండేళ్లుగా ఆ గుండం ఒడ్డున తాడు పెట్టుకుని కూర్చునేవాడు. గుడికి వచ్చినవారినీ, అక్కడి నుంచే ఏరు దాటి దర్గాకు పోయేవారినీ నీళ్లు పెరిగే వేళకు వెనక్కి పంపేవాడు. జీతం అడగలేదు, బిళ్ల అడగలేదు. మే నెలలో తమ సిబ్బంది ఇద్దరు కారులో వచ్చి, యూనిఫాం లేదు, గుర్తింపు కార్డు లేదు, పర్యాటకులను భయపెడుతున్నావు అని అతణ్ణి లేపేశారు. "అనధికార వ్యక్తి" అని కాగితం ఇచ్చారు. అతను కూర్చునే రాయి పక్కనే "సురక్షిత స్నాన స్థలం" అని ఇనుప బోర్డు పాతారు. పరాయి దేశంలో ఉన్నవాణ్ణి బాధపెట్టడం ఎందుకని అన్న ఈ సంగతి నాకు చెప్పలేదు.

3. యాదగిరిది జగిత్యాల దగ్గర పల్లె. ఇదే తోటలో మోటార్లు చూసేవాడు. ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాము. నేను నమాజు చేసుకుంటుంటే టీవీ సౌండు తగ్గించేవాడు. తమ పుస్తకం నా ఫోనుకు వచ్చిన రోజు, మా ఊరి పేరు అచ్చులో చూసుకుని పొంగిపోయి అతనికి చూపించాను.

"మీ దిక్కు గింత మంచిగుంటదా అన్నా?" అన్నాడు.

"పోయి చూడు. గుండం కాడ మా అన్న ఉంటాడు, ఏం భయం లేదు" అన్నాను.

మూడేళ్లకోసారి దొరికే సెలవులో, ఈ ఏడు, ఆగస్టు పదిహేడున, భార్య భూలక్ష్మినీ ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకుని మా ఊరు వెళ్లాడు. గుళ్లో కొబ్బరికాయ కొట్టి గుండం దగ్గరకు దిగాడు. మా అన్న లేడు. బోర్డు ఉంది. పెద్దపిల్ల బోర్డు గట్టిగా చదివిందట. చిన్నపిల్ల కాళ్లు కడుక్కుంటుండగా నీళ్లు ఒక్కసారిగా పెరిగి జారిపోయింది. యాదగిరి ఉన్నపళంగా దూకి, పిల్లను తల్లి చేతికి అందించాడు. అతను మాత్రం పైకి రాలేదు. కేకలు విని మా అన్న చేను నుంచి పరుగెత్తాడు. రెండు గంటల తరువాత తనే మునిగి శవాన్ని తీశాడు.

ఇక్కడ అది ఖర్జూరం కోతల కాలం. ఫోను వచ్చినప్పుడు నేను ట్యాంకరులో ఉన్నాను. పక్కకు ఆపేశాను. పొమ్మని చెప్పింది నేను.

4. తమ కార్యాలయం కలెక్టరు గారికి పంపిన నివేదికలో "మృతుడు సిబ్బంది హెచ్చరికలను పెడచెవిన పెట్టి సరదాగా ఈతకు దిగినాడు" అని ఉన్నది. ఏ సిబ్బంది? ఉన్న ఒక్కణ్ణీ తమరే కదా తరిమినది? ఏ హెచ్చరిక? రండి, స్నానం చేయండి అన్నదే కదా తమ బోర్డు? భూలక్ష్మి నాతో ఫోనులో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మా ఆయన ఈతకు దిగలే అన్నా. బిడ్డను తీసెటందుకు దిగిండు. గదొక్కటి రాయమను. రేపు నా పిల్లలు పెద్దగై గా కాయితం చదివితే ఏమనుకుంటరు?"

ఈ ఒక్క వాక్యం దిద్దడానికి తమకు ఎన్ని సంతకాలు కావాలో తెలియజేయగలరు.

5. శవాన్ని పంపిన వారానికి అన్న నాకు ఫోను చేశాడు.

"ఆ బోర్డు ఇంకా ఆడనే ఉందిరా ఇస్సాకూ. పొద్దున ఎవురో పిల్లోళ్లు దాని కింద నిలబడి ఫోటోలు దిగుతాండారు. నాకు గుండెకాయ నిలబడ్లేదు. ఏం జేసేది?"

"గడ్డపార తీసుకపోయి పీకెయ్ అన్నా" అన్నాను.

పీకేశాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశాడని తమరు అతనిపై కేసు పెట్టించారు. మనిషి చచ్చినప్పుడు నాలుగు రోజుల దాకా రాని తమ కారు, బోర్డు పడిన పూటే వచ్చింది. అన్నకు యాభై ఎనిమిదేళ్లు. పోలీసు స్టేషను గడప తొక్కిన మనిషి కాడు. పీకమన్నది నేను. నా పాస్‌పోర్టు నకలు, ఇక్కడి నివాస కార్డు ఇఖామా నకలు జతపరిచాను. ముద్దాయిగా నా పేరు చేర్చండి. నన్ను పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్, కాళ్లావేళ్లా పడి సెలవు అడిగి, వచ్చి కోర్టులో నిలబడతాను.

6. బోర్డు పడిన రోజు నుంచి అన్న మళ్లీ ఆ ఒడ్డునే కూర్చుంటున్నాడు. మొన్న ఆదివారం బస్సు నిండా వచ్చిన కాలేజీ పిల్లలను నీళ్లకు దిగనివ్వకుండా పంపించాడు. వాళ్లు అతణ్ణి తిట్టి, ఇళ్లకు ప్రాణాలతో వెళ్లారు.

కావున, నివేదికలో ఆ వాక్యం కొట్టివేసి బిడ్డను కాపాడుతూ పోయినాడని రాయవలెననీ, పద్నాలుగో పేజీ మార్చవలెననీ, మా అన్నపై కేసు తీసివేయవలెననీ కోరుచున్నాను. ఇది దయ చూపమని అడగడం కాదు. తమరు చేసినదానిని తమరే దిద్దుకోమనడం. చిత్తగించి, ఈసారైనా ఊరికి వచ్చి చూసి సంతకం పెట్టవలెను.

తమ విధేయుడనని రాయడం ఆనవాయితీ కనుక,
తమ విధేయుడు,
దూదేకుల ఇస్సాక్

తా.క. ఇది ముగించేలోగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఈ పొద్దున పోలీసులు అన్నను జీపులో తీసుకుపోయారట. పైన రెండు గేట్లు ఎత్తారట. రేపు శుక్రవారం, ఏరు దాటి దర్గాకు పోయే జనం అక్కడికే వస్తారు. గుండం ఒడ్డున ఇప్పుడు మా వదిన సాబేరా తాడు పట్టుకుని కూర్చుంది. వద్దు వదినా, ఇంటికి పో అంటే వినడం లేదు. ఎవరినైనా పంపండి సార్. ఆమెకు ఈత రాదు.