చెమట పడితే విషం దిగినట్టు కాదు

బెల్‌ఫాస్ట్,
మంగళవారం

అన్నకు,

చెల్లెలు సరోజ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, మీ చిన్ని బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా?

ఇక్కడ వారమంతా ఒకటే ముసురు. ఫ్లాట్ నుంచి ల్యాబ్‌కు, ల్యాబ్ నుంచి ఫ్లాట్‌కు. నా వంట నాకే సయించడం లేదు. వదిన చెనిక్కాయల పొడి పంపితే రెండు ముద్దలు తింటాను. బాగానే ఉన్నాలే, దిగులు పడొద్దు. కానీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కారణం నీ ఉత్తరమే.

ఎర్రతేలు కుట్టిన రంగమ్మవ్వ మనవరాలికి మంత్రం వేశానని రాశావు. నొప్పి తగ్గిందట, ఒళ్లంతా చెమట పట్టిందట, విషం దిగిపోయిందని ఇంటికి పంపేశావట! వెంటనే ఫోన్ చేశాను.

“పాప ఆడుకుంటాంది. యాడనో కూసోని నువ్వు నాకు నేర్పిస్తావా?” అని పెట్టేశావు.

పాప బతికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. నీ మీద కోపం మాత్రం పోలేదు. ఈ ఉత్తరమైనా చింపకుండా చదువు.

ఇక్కడ నా పని ఆ విషంతోనే. ఎండబెట్టిన తెల్లటి పొడిగా చిన్న సీసాలో వస్తుంది. అందులోని ప్రోటీన్లు ఎంత మొండివంటే, కాస్త మరిగించినా చాలావరకు చెడిపోవు. నరాల మీదుండే సన్నటి తలుపులను పట్టుకుని మూసుకోనివ్వవు. నరాలు ఆగకుండా అరుస్తూనే ఉంటాయి. ఆ చెమట అందువల్లే. విషం దిగడం కాదన్నా, ఎక్కడం. తర్వాత వాంతులు, చేతులు చల్లబడటం, ఆపైన గుండె. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది. ఆసుపత్రిలో వేసే సూదిమందు అదే. అది రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోగలదు. నరాన్ని పట్టేసిన దాన్ని విడిపించడం కష్టం. అందుకే ఆలస్యం పనికిరాదు.

మంత్రం మానేయమనను. నల్లతేలు నొప్పి ఎలాగూ తగ్గుతుంది, పేరు నీకొస్తుంది, రానీ! ఎర్రతేలైతే మాత్రం అరుగు మీద కూర్చోబెట్టకు. ఆటో ఎక్కించి, నువ్వూ ఎక్కి, పెద్దాసుపత్రి దాకా చదువుతూనే పో. అరుగు దిగితే మంత్రం పారదని నాన్న అన్నాడంటావు. నాన్న కాలంలో ఊళ్లో ఆటో ఎక్కడుంది?

చెనిక్కాయలు పీకే రోజులు వస్తున్నాయి. చిన్ని తేళ్లు దూరే ఆ కుప్పల దగ్గరే ఆడుతుంటుంది. తలుచుకుంటేనే నాకు భయమేస్తోంది.

రంగమ్మవ్వకు దండాలు చెప్పు. వదిన, నువ్వు నన్ను మనసారా దీవించండి.

ఆడపిల్ల వినకూడదని నన్ను బయటికి పంపి, నాన్న నీ చెవిలో మంత్రం చెప్పాడు. పైకి చెబితే పనిచేయదన్నాడు. నాది అలాంటి మంత్రం కాదు. ఎర్రతేలు కుట్టిందా, ఆటో ఎక్కు. ఇది ఊరంతా వినేలా చెప్పన్నా.

నీ చెల్లెలు,
సరోజ