కొన్ని రాత మెళకువలు, కొంత కడుపుమంట

నరసన్నపేట,
జులై 21, 2019, ఆదివారం.

ప్రియమైన చెల్లెలు ఉషకు,

అక్క ప్రేమతో రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ శృంగవరపుకోటలో నువ్వూ, మరిదిగారూ, పాపా క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నాన్నగారు నేర్పారు కాబట్టి రాశాను. మేమంతా క్షేమం అన్నచోట నన్ను మాత్రం లెక్కలోంచి తీసేసి చదువుకో.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోనులో అయితే నేను నిన్ను మాట్లాడనివ్వనని కాగితం మీద పెట్టానన్నావు. నిజమే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, చిన్నప్పటినుంచీ నేను చెప్పేదాన్ని, నువ్వు వినేదానివి. ముందు చిన్న సంగతులు కానీ. ఎండురొయ్యలు అడిగావు. ఈ మబ్బులకి సరిగ్గా ఎండలేదు, ఇప్పుడు పంపితే నీ వంటిల్లు కంపు కొడుతుంది, కొన్నాళ్లు ఆగు. చినుకులు పడుతున్నాయి గానీ ఊడ్పులకు చాలవని రైతులు ఆకాశం వైపు చూస్తున్నారు. మీ బావకు మోకాలినొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే బజారుపని నెత్తిన పడుతుందని ఇంకా కుంటుతున్నారు. పాపకు జ్వరం పూర్తిగా పోయిందో లేదో రాయలేదు నువ్వు.

ఇక అసలు విషయం. చేపలమ్మే దాలమ్మ తన మీద నువ్వు రాసిన కథ అచ్చు వెయ్యొద్దందని, విశాఖలో పుస్తకం వేస్తున్న రేఖగారు నీకు చెప్పారు. ఆ కథ వాళ్ల పుస్తకంలోంచి పోయింది. వచ్చే నెల వాళ్లు పెడుతున్న రచనా శిబిరంలో నీ క్లాసు ఆ కథ మీదే కనుక అదీ పోయింది. నువ్వు బ్లాగులోంచి కూడా దాన్ని తీసేశావు. ‘ఒక మనిషి మనసు కష్టపెట్టే రాత నాకెందుకక్కా, ఇక రాయను’ అన్నావు. దాలమ్మ ఎందుకు వద్దన్నదో కనుక్కోమన్నావు. కనుక్కోవలసిన పనిలేదు, చెబుతాను. కానీ తిన్నగా అక్కడికి రాలేకపోతున్నాను. నీ తక్కిన ప్రశ్నలకు జవాబులు రాసి, ఆ ఊపులో దానికి వస్తాను.

క్లాసు పోయినా, రాసుకున్న పాఠం పూర్తిచేసి వాళ్లకే పంపేస్తానన్నావు. ‘ఎవరు చెబితేనేం, బ్లాగులవాళ్లకీ, సేవాసంస్థల వాళ్లకీ, మన సంఘాల పత్రికల్లో రాసేవాళ్లకీ పనికొస్తే చాలు’ అన్నావు. అందుకోసం నన్ను నాలుగు మెళకువలు చెప్పమన్నావు. నీ మంచితనం చదివి ఒళ్లు మండింది. అయినా చెబుతాను.

ఎలా మొదలుపెట్టాలి అన్నావు. రాసింది పూర్తయ్యాక మొదటి పేరా కొట్టెయ్యమను. ఆ పేరా పాఠకుడి కోసం కాదు, రాసేవాడు గొంతు సవరించుకోవడం కోసం. గుడిలో ప్రసంగానికి ముందు మైకు మీద టక్‌టక్ కొట్టి చూసుకుంటారే, అదన్నమాట. బ్లాగులో రాసేవాళ్లకు ఇంకోమాట చెప్పు. చదివేవాడు పడకకుర్చీలో లేడు. బస్సు కోసం నిలబడి, ఒక చేత్తో ఫోనూ ఒక చేత్తో సంచీ పట్టుకుని చదువుతున్నాడు. బస్సు వచ్చేలోగా మనం చెప్పింది అతనికి అందాలి. రాసినదాన్ని చదువురాని మనిషికి పైకి చదివి వినిపించమను. వినేవాళ్లు ఆవలించినచోట గీత పెట్టుకోమను.

మనవాళ్ల సంగతికొస్తే, పెద్ద జబ్బు ఏమిటంటే చివర్లో బైబిలు వాక్యం అతికించడం. సంగతి సరిగా చెప్పి ఉంటే ఆ వాక్యం పాఠకుడికే గుర్తొస్తుంది. చెప్పలేకపోతే ఎన్ని వాక్యాలు అతికించినా నిలబడదు. ‘భారం కలిగింది’, ‘ద్వారం తెరిచాడు’ లాంటి మాటలు మన గుడిలో అందరికీ తెలుసు, గోడ అవతలివాడికి తెలియవు. భారం కలిగిందంటే పాపం ఏం మోస్తున్నారో అనుకుంటాడు.

సేవాసంస్థల వాళ్లకు చెప్పాల్సింది నాకన్నా బాగా ఎవరికి తెలుసు? పదకొండేళ్లుగా మా సంస్థ ఆఫీసులో రిపోర్టులూ, దాతలకు ఉత్తరాలూ, సంస్థ బ్లాగూ రాస్తున్నది నేనే. ఇచ్చింది పెద్దగా కనబడాలని పుచ్చుకున్న మనిషిని చిన్నగా చెయ్యకూడదు. నిరుపేద, నిస్సహాయ, దిక్కులేని అనే మూడు మాటలూ తీసేసి ఆ మనిషి పేరు రాయాలి. ఈ పాఠం నేను నీకు ఐదేళ్లక్రితం మా డాబా మీద కూర్చోబెట్టి చెప్పాను, గుర్తుందా? చెప్పిన నేను మాత్రం అన్నేళ్లూ ‘నిరుపేద మత్స్యకార మహిళ’ అనే రాస్తూ వచ్చాను. మా డైరెక్టరు నరసింగరావు గారికి ఆ మాట లేకపోతే తృప్తి ఉండదు. విన్న నువ్వు ఆ పాఠం పట్టుకుపోయి బతికించావు. గురువుకే పంగనామాలు పెట్టిన శిష్యురాలివి.

అదుగో, వచ్చేశాను.

నేను దాలమ్మను ఎంతకాలంగా ఎరుగుదునో నీకు తెలుసు. తిత్లీ తుఫానులో వాళ్ల తెప్ప విరిగిపోతే, సంస్థ తరఫున కొడుకులకు బోటు వచ్చేలా కాగితాలన్నీ నేనే నడిపాను. ఆవిడ గురించి నాలుగు రిపోర్టులు రాశాను. అలాంటిది, మే నెలలో వేట నిషేధం రోజుల్లో నువ్వు సెలవులకి వచ్చి, ఒక్క మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని ఎండుచేపలు తిరగేశావు. మర్నాటికి నీకు ఆ బస్సు సంగతి చెప్పేసింది. కూతురికి కాన్పయిందని, గంప ఇంట్లో పెట్టి, తలంటుకుని, పౌడరు రాసుకుని, పూలు పెట్టుకుని బస్సెక్కితే, రోజూ చూసే కండక్టరు అలవాటుకొద్దీ ‘వాసనొస్తంది, ఎనక్కెళ్లు’ అన్నాడని. ‘నా డబ్బులకి వాసన రాదేటి బాబూ?’ అని ఆవిడ అడిగిందని. ముందుసీట్లోనే కూర్చుని మనవణ్ణి చూసి వచ్చిందని.

ఇన్నేళ్లలో నాకు చెప్పలేదు ఉషా! పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకున్నాను. నీ కథ చదివాను. తప్పు దొరుకుతుందేమోనని మళ్లీ చదివాను. ఒక్క కామా దొరకలేదు. మన సంఘపత్రిక సంపాదకులు నాకే ఫోన్ చేసి, ‘మీ చెల్లెలు ఎంత బాగా రాసిందండీ’ అంటే ‘అవునండీ’ అన్నాను. ఫోను పెట్టేశాక మీ బావ నా మొహం చూసి, ‘ఏటే, ఎవురైనా పోయారేటి?’ అన్నారు. నీ మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నానే. నాకు పట్టుబడని మనిషి నీకు పట్టుబడిందని. నేను నేర్పిన పనిలో నన్ను దాటావని. నన్నెవరూ ఏ శిబిరానికీ పిలవలేదని.

ఆ మంటలో ఉండగా రేఖగారు మా ఆఫీసుకి ఫోన్ చేశారు. ‘దాలమ్మగారు ఒప్పుకుంటున్నారా అని ఒక్కమాట అడిగి చెప్పండి, పుస్తకంలో వేస్తాం’ అన్నారు. నేను అడగలేదు. కుర్చీలోంచి కూడా లేవలేదు. ‘ఆవిడకి ఇష్టం లేదండీ. దిష్టి భయం. ఇదివరకు ఒకసారి ఇలాగే గొడవైంది’ అన్నాను.

గొడవ జరిగిన మాట నిజం, అందుకే అబద్ధం అంత సులువుగా అతికింది. దాలమ్మ వాళ్ల ఊళ్లో వలలో ఎన్ని చేపలు పడినా దిష్టి తగులుతుందని పైకి అనరని నీకు తెలుసుగా. గంప మీద తడిబట్ట కప్పే తీసుకెళతారు, ఎవరైనా అడిగితే ‘ఏటో, కూరకి సరిపడా’ అంటారు. అది తెలిసి కూడా నరసింగరావు గారు అడిగారని, కొత్త బోటు మొదటి వేటకే కానాగంత చేపలతో నిండిన వల ఫొటో తీసి, దాలమ్మ పేరు పెట్టి, ఎన్ని కేజీలో పెద్దక్షరాలతో రాయించి, రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించాను. ఆ వారమే వల రాళ్లకి పట్టుకుని చిరిగిపోయింది. దాలమ్మ వచ్చి నన్ను తిట్టిన తిట్లు బజారంతా విన్నది. ఫ్లెక్సీ విప్పించాను. ఆ భయాన్ని తెచ్చి నీ కథకి అడ్డం పెట్టాను. దిష్టీ గిష్టీ మనం నమ్మం కదా, ఆ రోజు మాత్రం నాకు భలే అక్కరకొచ్చింది.

దాలమ్మ వద్దనలేదు ఉషా. దాలమ్మని నేను అడగనేలేదు.

నీ ఉత్తరం చదివాక కూడా తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. నువ్వు రాయడం మానేస్తానన్న వాక్యం దగ్గర, చెప్పడానికి సిగ్గేస్తోంది, ముందు కాస్త చల్లగా అనిపించింది. తర్వాత అన్నం సయించలేదు. శుక్రవారం దాలమ్మే ఆఫీసుకి వచ్చింది. గంప గుమ్మం దగ్గర దించి అడిగింది.

“మీ సెల్లి మరి రానేదేటమ్మా? నా కత పుత్తకంలో ఏత్తారన్నాది. బజార్లో అందరికీ సెప్పుకున్నాను. ఏదీ, ఎయ్యనేదేటి?”

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ అలా ఆశగా చూస్తుంటే దాన్ని మింగేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నీ మీద కుళ్లుతో అన్నానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సేపలు నావేటి? గంగమ్మ తల్లివి. ఆటి లెక్క నాను సెప్పకూడదు. బస్సులో పడ్డ మాట నాది. అది ఎవులికి సెప్పాలో నానే సెప్తాను. మద్దిన నువ్వెవులివి వద్దనడానికి?”

“మరి ఇన్నాళ్లలో నాకెప్పుడూ చెప్పలేదే దాలమ్మా” అన్నాను. అప్పుడు కూడా నా ఏడుపు నాదే, చూడు.

“నువ్వడిగినావేటి? ఎన్ని కేజీలు, ఎంతకమ్మినావు, ఎంత మిగిలింది. అదే కదా నీ అడుగుడు. ఆ గుంట నా పక్కన కూకుని సేపలు తిరగేసింది. అదేటీ అడగనేదు. నాకే సెప్పాలనిపించింది.” అని, నా బల్ల మీది ఫోను నా వైపు తోసింది. “సెయ్యి. ఇప్పుడే సెయ్యి. నా ముందర సెయ్యి.”

రేఖగారికి చేశాను. స్పీకరు పెట్టమంది. పెట్టాను. దాలమ్మ వంగి ఫోనులో నోరు పెట్టినంత పని చేసి, “నాను దాలమ్మని. ఎయ్యండి. పేరు కూడా ఎయ్యండి. ఆ పిల్లనే పిలవండి” అని గట్టిగా చెప్పింది. రేఖగారు మర్యాదస్తురాలు. ‘పరవాలేదండీ, ఎక్కడో పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటాం’ అన్నారు. నేను ఊఁ అంటే అక్కడితో అయిపోయేది. మంచి తలుపే తెరిచారావిడ. దాలమ్మ నా వంకే చూస్తోంది. ‘పొరపాటు కాదండీ, నేను అబద్ధం చెప్పాను, మా చెల్లెలి మీద అసూయతో చెప్పాను’ అన్నాను. ‘సరే, ఉషగారితో మేం మాట్లాడతాం’ అని పెట్టేశారు. గొంతు మారిపోయింది. నాకిక ఆ గడప తొక్కే యోగం లేదులే. నరసింగరావు గారికి కూడా నేనే చెప్పాను. ఇకమీదట ఎవరి అనుమతి అయినా తానే అడుగుతానన్నారు. అంతకన్నా ఏమంటారు?

పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్లలేదట. రేపో ఎల్లుండో నీకు ఫోన్ వస్తుంది. వాళ్ల నోటి వెంట వినకముందే నా చేత్తో రాసింది నీకు అందాలని, ఇది పొద్దున్నే బయల్దేరే మీ ఊరి మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. కథ మళ్లీ బ్లాగులో పెట్టు. పాఠం ఎవరికో పంపకు, వెళ్లి నువ్వే చెప్పు. పైన నేను రాసిన మెళకువలన్నీ వాడుకో. నా పేరు చెప్పక్కర్లేదు. చెబితే మాత్రం కాదనను.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు. నీకు అదీ చేతనవును, దానికీ నేను కుళ్లుకోవాలి. కొన్నాళ్లు కోపంగా ఉండు, నాకు కాస్త సుఖంగా ఉంటుంది. ఈ ఉత్తరంతో నా మనసు కడిగిన ముత్యమైపోయిందని అనుకోకు. నీ పేరు పుస్తకం మీద చూసిన రోజు నాకు మళ్లీ మండుతుంది. ఆ రోజు మీ బావ నన్ను పలకరించకుండా ఉంటే మంచిది.

రాయడం మాత్రం మానకు. నేను కుళ్లుకుంటూనే చదువుతాను. ఇకనుంచి ఏది రాసినా ముందు నాకు పంపు. దిద్దడానికి కాదు, నీకు దిద్దేదాని అవసరం తీరిపోయింది. నీ రాత నాకంటే ముందు ఇంకెవరో చదివారంటే, అది మాత్రం నేను ఓర్వలేను.

పాపకు ముద్దులు. మరిదిగారికి వందనాలు. ఇదంతా ఆయనకు చదివి వినిపించినా సరే.

ఇట్లు,
నిన్ను చూసి ఓర్వలేని, నిన్ను చూడక ఉండలేని
నీ అక్క
భారతి